సద్దిమూట కట్టింది ఎవరు? మన చవక యాత్రల చరిత్ర

మా ఇంట్లో ఒక జమాఖర్చుల నోటుబుక్కు ఉంది. పెళ్లయిన ఏడాది నుంచీ రాస్తున్నాను. పాలు, గ్యాసు, పిల్లల ఫీజులతో పాటు మేం ఎక్కడికి వెళ్లొచ్చినా ఆ ఖర్చు కూడా అందులోనే ఉంటుంది. పోయిన కార్తీకమాసంలో ఆత్మకూరు నుంచి ఉదయగిరి మీదుగా ఘటిక సిద్ధేశ్వరం వెళ్లొచ్చాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, మా అత్తయ్య, మా అమ్మ. మొత్తం ఆరుగురం. ఇంటికొచ్చి లెక్క రాస్తే 1,000 రూపాయల లోపే తేలింది. మావారు చూసి "ఇంకేం, నువ్వు ఆర్థికమంత్రివి" అన్నారు. నేనూ మురిసిపోయాను.

మా అమ్మ మాత్రం పక్క నుంచి, "వెయ్యి రూపాయలా! మా కాలంలో చేతిలో నుంచి రూపాయి పోకుండా మూడు రోజులు తిరునాళ్లకు పోయొచ్చేవాళ్లం" అంది.

రూపాయి లేకుండా ఆరుగురు, పదిమంది మూడు రోజులు ఎలా తిరిగొచ్చారు? ఆ రాత్రి అమ్మ పక్కన కూర్చుని అడిగాను. ఆమె చెప్పింది విన్నాక, డిగ్రీలో తెలుగు చదివిన రోజుల్లో తెలుసుకున్నవీ, ఉదయగిరి గురించి విన్నవీ అన్నీ కలిపి ఆలోచించాను. యాత్ర ఖర్చు తగ్గిందంటే అది ఎక్కడికీ పోలేదు, ఇంకెవరో పెట్టారన్నమాట. ఆ ఎవరో ఎవరు? దాని కోసమే ఈ వ్యాసం.

ముందు ఖరీదైన యాత్రతో మొదలుపెడతాను. ఉదయగిరి బస్టాండులో దిగి సీతారామపురం బస్సు కోసం చూస్తున్నప్పుడు పిల్లకాయలకు ఎదురుగా ఉన్న కొండ చూపించి చెప్పిన కథే ఇది. ఆ కొండ 3,000 అడుగుల పైమాటే. దాని మీద కోట. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోట మీదికి వచ్చాడు. అప్పటికి ఇది ఒరిస్సా గజపతుల చేతిలో ఉంది. కోట లొంగడానికి ఏడాదిన్నర దాకా పట్టింది. ఆ తరవాత రెండు దశాబ్దాలకు విజయనగరం వచ్చిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఈ ముట్టడి గురించి రాశాడు. సైన్యం నడవడానికి రాయలు ఈ కొండల్లో పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి దారులు వేయించాడట. కోటలో పట్టుబడినవాళ్లలో గజపతి రాజుకు అత్త వరసైన ఒకావిడ కూడా ఉందట.

1514లో కోట చేతికొచ్చింది. తిరుగు ప్రయాణంలో రాయలు తిరుమల వెళ్లాడు. జులై 6న ఇద్దరు రాణులు, తిరుమలదేవి, చిన్నాదేవి వెంట ఉండగా వెంకటేశ్వరస్వామికి 30,000 వరహాలతో కనకాభిషేకం చేయించాడు. ఒక్కో వరహా మూడు గ్రాముల పైన తూగేది. అంటే వంద కిలోల దాకా బంగారం. ఉదయగిరి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుడి విగ్రహానికి హంపీలో గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించాడు.

మా అబ్బాయి ఇదంతా విని, "అమ్మా, అదీ ఫ్యామిలీ ట్రిప్పేగా?" అన్నాడు. అవున్రా, అదీ ఫ్యామిలీ ట్రిప్పే. కానీ ఆ ఏడాదిన్నర అంతమంది సైనికులకు వండింది ఎవరు, నీళ్లు మోసింది ఎవరు, వాళ్లకు తిండిగింజలు ఏ ఊళ్ల నుంచి పోయాయి? రాయలు పోసిన బంగారం లెక్క తిరుమలలో శాసనాల మీద చెక్కి ఉంది. వండినవాళ్ల లెక్క ఏ రాతి మీదా లేదు.

ఇక రాజు కాని మనిషి యాత్ర. తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా చెప్పుకునే 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలలు! తల్లి, భార్యతో సహా దాదాపు వందమంది పరివారం. దారి పొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు జాబులు రాశాడు. అవే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి.

ఆ పుస్తకం పేరు చెబితే కాశీ గుర్తొస్తుంది గానీ, చదివితే అందులో ఎక్కువగా కనిపించేది దారే. ఏ ఊళ్లో దిగాలి, అక్కడ సరుకులు దొరుకుతాయా లేదా, నీళ్లు ఎలాంటివి, దారి ఎలా ఉంది అన్నవే. అప్పుడు టికెట్టు అనేది లేదు. కాళ్లు, బండ్లు, పల్లకీ. యాత్ర ఖర్చంటే రోజూ తినే తిండి, రాత్రి తలదాచుకునే చోటు, అంతే. అందుకే మన పాత దారుల మీద సత్రాలు, చెరువులు, బావులు, చలివేంద్రాలు వెలిశాయి. సత్రంలో పడుకోవడానికి డబ్బు అక్కర్లేదు. కానీ చాలాచోట్ల పొయ్యి మాత్రం ఎవరిది వాళ్లు వెలిగించుకోవాల్సిందే. వందమంది ప్రయాణంలో ఆ పొయ్యి ఎవరు ముట్టించారో, సాయంత్రం దిగగానే ఎవరు నడుం వాల్చారో మనకు తెలియనిది కాదు.

మరి ఉద్యోగం, పరివారం ఏమీ లేని మామూలు రైతు ఇంటివాళ్లు ఎప్పుడు, ఎలా కదిలారు?

ఇక్కడ కొంచెం బయట ప్రపంచం సంగతి చెప్పాలి. సెలవు పెట్టి ఊరికే తిరిగి రావడం అనేది పేదవాళ్లకు చాలా ఆలస్యంగా వచ్చింది. ఇంగ్లండులో థామస్ కుక్ అనే ఆయన 1841 జులై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరో దాకా దాదాపు 500 మందిని ప్రత్యేక రైల్లో తీసుకెళ్లాడు. మనిషికి ఒక్క షిల్లింగు. పదిమందినీ కూడగడితే ఒక్కొక్కరి ఖర్చు తగ్గుతుందన్న కిటుకు మీదే తరవాత ఆయన పెద్ద ట్రావెల్ కంపెనీ పెట్టాడు. ఫ్రాన్సులో కార్మికులకు జీతంతో కూడిన రెండు వారాల సెలవు చట్టంగా వచ్చింది 1936లో. అంతకు ముందు సెలవంటే ఆ రోజు కూలి పోవడమే.

మా నాయనకు సెలవు ఎవరిస్తారు? భూమి ఇవ్వాలి. పంట ఇంటికొచ్చి, మళ్లీ దుక్కి పట్టేలోపల ఖాళీ ఉంటుంది చూడండి, అదే రైతు సెలవు. ఎడ్లకీ అదే సెలవు. మా వైపు పెద్ద తిరునాళ్లు చూడండి. పెంచలకోన నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు వైశాఖంలో. దుత్తలూరు దగ్గర నర్రవాడ వెంగమాంబ పేరంటాలు తిరునాళ్లు జ్యేష్ఠంలో. రెండూ వానలు పడి దుక్కులు ముమ్మరమయ్యే లోపలే. పైగా నరసింహ జయంతి పున్నమికి ముందురోజు. ఎండాకాలం పగలు ఎడ్లు నడవలేవు. రాత్రి వెన్నెల్లో చల్లగా నడుస్తాయి. లాంతరు కిరసనాయిలు కూడా మిగులుతుంది. ఇదంతా ఎవరో కూర్చుని వేసిన బడ్జెట్టు కాదు. కానీ ఇంతకన్నా మంచి బడ్జెట్టు నేనింతవరకు వెయ్యలేదు.

మా అమ్మ పుట్టిల్లు ఉదయగిరి వైపు పల్లె. ఆమె చెప్పింది ఇది. తిరునాళ్లకు నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి బండ్లు కట్టేవాళ్లు. బండి సొంతం, ఎడ్లు సొంతం, వరిగడ్డి సొంతం. బియ్యం, కందిపప్పు, చింతపండు, ఊరగాయ జాడీ, ఉప్పు, మిరపకాయలు, చివరికి నాలుగు కట్టెపుల్లలు కూడా ఇంటి నుంచే. గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి నడవదు బండి. పిల్లకాయలు కాసేపు బండిలో, కాసేపు బండి వెనక పరుగులు. అక్కడికి పోయాక చింతచెట్టు కిందే విడిది. డబ్బు తీసేది గాజుల అంగడి దగ్గర, బొరుగులు, మిఠాయి దగ్గర, రంగులరాట్నం దగ్గర మాత్రమే. ఆ డబ్బు కూడా పిల్లకాయలకు అవ్వలు కొంగుముడి విప్పి ఇచ్చిందే.

"అదీ, అందుకే రూపాయి కాలేదు" అంది అమ్మ.

"స్వామి ఊరేగింపు ఎట్లా ఉండేది అమ్మా పెంచలకోనలో?" అని అడిగాను.

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత, "నేను చూళ్లేదులే పాపా" అంది. "ఏటా పోయేవాళ్లం గానీ, ఊరేగింపు వచ్చే వేళకు అన్నం వార్చే పని. అంతమందికి ఒక్క పొయ్యి. మూడు రాళ్లు. బిందెతో నీళ్లు నేనే తేవాలి. సామాను దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. మీ అవ్వ పెద్దది, ఆమెను చూసి రమ్మని పంపేదాన్ని. జనం గోవిందా గోవిందా అంటుంటే వినపడేది. సరే, స్వామి కదిలాడు అనుకుని అక్కణ్నించే దణ్ణం పెట్టుకునేదాన్ని."

ఎన్నేళ్లు అట్లా? పెళ్లయ్యాక తొమ్మిదో పదో సార్లు పోయుంటాం అంది. తొమ్మిది తిరునాళ్లు. ఒక్కసారి కూడా ఊరేగింపు చూడలేదు. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో బాధ ఏమీ లేదు. అందరూ తిని, బాగుంది అన్నారు, ఇంకేం కావాలి అన్నట్టే చెప్పింది. బాధ పడింది నేను.

ఎందుకంటే అదే పని నేనూ చేశాను. తరం మారింది, బండి పోయి బస్సు వచ్చింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. తరవాత ఎర్రబస్సులు పల్లెలకు చేరే కొద్దీ మూడు రోజుల యాత్ర ఒక రోజుకు కుదించుకుపోయింది. తిరునాళ్లతో పాటు చూడడానికి కొత్త చోట్లు పుట్టుకొచ్చాయి. పెన్న మీద 1975లో మొదలైన సోమశిల ప్రాజెక్టు 1980ల చివరికి పూర్తయింది. 78 టీఎంసీల జలాశయం. నేను ఆత్మకూరు కోడలినై వచ్చేసరికి ఈ చుట్టుపక్కల అందరికీ కార్తీక వనభోజనాలంటే సోమశిలే. భైరవకోన సంగతీ అంతే. రాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా అదీ మన నెల్లూరు జిల్లాలోదే.

ఒకసారి సోమశిలకు పద్నాలుగు మందిమి వెళ్లాం. నా నోటుబుక్కులో ఆ రోజు ఖర్చు చాలా తక్కువ. బస్సు టికెట్లు, నిమ్మకాయ సోడాలు, అంతే. ఆ నోటుబుక్కులో లేనిది ఏమిటంటే, నేను తెల్లవారుజామున మూడింటికి లేచాను. పద్నాలుగు మందికి పులిహోర, పెరుగన్నం, వంకాయ కూర, వడలు. బస్సులో సీటు దొరకగానే నిద్రపోయాను, దారి చూసింది లేదు. అక్కడ వడ్డించి, చివర్లో మేం ఆడవాళ్లం తిని, గిన్నెలు కడగడానికి కూర్చున్నాం. ఆ రోజు గేట్లెత్తి నీళ్లు వదులుతున్నారని అందరూ చూడ్డానికి పరుగెత్తారు. నేను గిన్నెలు సంచిలో సర్దుకుని వెళ్లేసరికి చీకటి పడుతోంది, ఆఖరి బస్సు పోతుందని మావారు కేకేస్తున్నారు. అమ్మ చూడని ఊరేగింపు, నేను చూడని నీళ్లు. మూడు రోజుల వంట ఒక్క తెల్లవారుజాములోకి వచ్చింది, అంతే తేడా.

హోటల్లో తింటే తలకు నూటయాభై, ఇంట్లో వండుకుంటే ముప్పై అని మనం లెక్కేస్తాం. మిగిలిన నూటఇరవై మిగిలింది ఎవరి నిద్ర వల్లో రాసుకోం. చవక యాత్ర చెడ్డదని నేననడం లేదు. మాలాంటి ఇళ్లకు చవక యాత్రే యాత్ర. లేకపోతే గడప దాటేదే లేదు. ఆ చవకదనం ఒక్కరి నడుం మీద పడకుండా చూసుకోవాలి అంటున్నాను. అది కుదరని పనేమీ కాదు. మన దగ్గరే దానికి దారులున్నాయి, పాతవీ కొత్తవీ.

పాతవాటిలో మొదటిది అన్నదానం. మా సీతారామపురం వైపు పుట్టిన అవధూత కాశినాయన పేరు తెలియనివాళ్లు ఈ చుట్టుపక్కల ఉండరు. నల్లమల, వెలిగొండ అడవుల్లో పాడుబడ్డ గుళ్లు బాగుచేయించడం, వచ్చినవాళ్లకు అన్నం పెట్టించడం, ఆయన జీవితమంతా ఈ రెండు పనులే. ఆయన పేరున్న ఆశ్రమాల్లో ఇప్పటికీ పొయ్యి ఆరదు. ఘటిక సిద్ధేశ్వరంలోనూ అంతే. అడవిలో, ఇంకే హోటలూ లేని చోట, వచ్చినవాళ్లందరికీ అన్నం.

రెండోది మన దర్గాలు. అనుమసముద్రంపేట దర్గాకు హిందువులు, ముస్లింలు తేడా లేకుండా కుటుంబాలతో వచ్చి రాత్రి నిద్ర చేసి పోతారు. నెల్లూరులో మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ చూడండి. కోరిక తీరినవాళ్లు రొట్టె తెస్తారు, కోరుకునేవాళ్లు ఆ రొట్టె పుచ్చుకుంటారు. ఎవరి రొట్టె ఎవరు తింటున్నారో తెలియదు. ఇంటికి నాలుగు రొట్టెలు చేసుకుపోతే చాలు.

మూడోది తిరుమల. అక్కడ నిత్యాన్నదానం 1985లో ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైంది. ఇప్పుడు ఆ భోజనశాలకున్న పేరు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబది. నర్రవాడ వెంగమాంబ వేరు, ఈమె వేరు. బాల్యంలోనే భర్తను పోగొట్టుకుని, లోకం మాటలు పడి, తిరుమల కొండ మీద కావ్యాలు రాసుకుంటూ బతికిన కవయిత్రి. మా డిగ్రీ క్లాసులో ఆమె 'వెంకటాచల మాహాత్మ్యం' గురించి చెప్పేటప్పుడు నేను మార్కుల కోసం రాసుకున్నాను. ఇప్పుడు అక్కడ వరసలో కూర్చుని అన్నం తింటుంటే ఇంకోలా అనిపిస్తుంది. రాయలు అదే కొండ మీద 30,000 వరహాలు పోశాడు. ఇవాళ మా అత్తయ్య లాంటివాళ్లు వంట బాధ లేకుండా అక్కడ కడుపునిండా తింటున్నది ఒక ఆడమనిషి పేరున్న సాలలో.

ఇక కొత్తది బస్సు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. తెలంగాణలో ఇది 2023 డిసెంబర్‌లోనే వచ్చింది. దీని మీద ఎవరి అభిప్రాయాలు వాళ్లకుంటాయి. నాకు తెలిసింది ఒక్కటే. ఇంతకు ముందు నలుగురు వెళ్లాలంటే మొదట ఆగిపోయేది ముసలి ఆడవాళ్లు. "నాకెందుకులే టికెట్టు దండగ, మీరు పోయి రండి" అనేవాళ్లు. ఇప్పుడు ఆ మాట అనడానికి వీల్లేదు. మా ఇంట్లో టికెట్టు కొనేది మావారు, మా అబ్బాయి. మిగిలిన నలుగురం ఆడవాళ్లం.

అందుకే ఈ కార్తీకంలో వెళ్లేటప్పుడు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. వంట చేసుకుని పోయేది లేదు. వారం ముందే తీరిగ్గా చేసిపెట్టుకున్న మురుకులు, వేయించిన వేరుశెనక్కాయలు, అరటిపళ్లు, ఎవరి నీళ్లసీసా వాళ్లకు. సంచులు మోసేది మావారు, మా అబ్బాయి. ఒక రోజుకు ఒకే చోటు, నాలుగు చోట్లు చుట్టేసి వచ్చామనిపించుకోవడం వద్దు. ఆశ్రమంలో తిన్నాక, ఇంట్లో వండితే ఎంతయ్యేదో అంత హుండీలో వెయ్యాలి. పెట్టేవాళ్లు ఉచితంగా పెట్టినా, ఆ బియ్యం ఎవరో ఒకరు ఇచ్చినవే. తిరిగొచ్చేటప్పుడు ఉదయగిరిలో రెండు చెక్క గరిటెలు కొన్నాం. భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పనితనం అది. ప్లాస్టిక్ బొమ్మ కన్నా ఏళ్ల తరబడి ఉంటుంది, డబ్బు మన ఊరివాళ్ల చేతికే పోతుంది.

ఘటిక సిద్ధేశ్వరంలో భోజనాల వేళ అందరం వరసలో కూర్చున్నాం. విస్తళ్లు వేశారు. అన్నం వడ్డించే ఆయన మా వరసలోకి రాగానే మా అమ్మ అలవాటు కొద్దీ లేచి నిలబడింది, గరిటె అందుకోవడానికి. ఆయన "అమ్మా, మీరు కూర్చోండి, మేం పెడతాం" అన్నాడు. అమ్మ కూర్చుంది. కూర్చుని అటూ ఇటూ చూసింది. నా చెవిలో మెల్లగా, "పిల్లకాయలు తినకముందే నేను తినేస్తన్నానే" అంది. తినమ్మా అన్నాను. రెండుసార్లు పప్పు అడిగి వేయించుకుంది.

ఇల్లు చేరాక నోటుబుక్కులో కొత్తగా ఒక గీత గీశాను. ఖర్చు ఎంత అన్న దాని పక్కన, ఎవరు ఎన్ని గంటలు పని చేశారు, ఎవరు ఏం చూశారు అని. ఈసారి అమ్మ పేరు ఎదురుగా పని దగ్గర ఏమీ లేదు. చూసినవాటి దగ్గర మాత్రం గుడి, కోనేరు, కోతులు, కొండ అని మా అమ్మాయి చాలా రాసింది.

వచ్చే వైశాఖంలో పెంచలకోన పోదామనుకుంటున్నాం. బస్సుకే. వెన్నెల ఉంటుంది. అమ్మ ఇప్పటి నుంచే "అక్కడ సామాను ఎవరు చూస్తారు" అని అడుగుతోంది. సామాను మావారు చూస్తారు, నీకు ఊరేగింపు చూపించే పని నాది అని చెప్పాను.